కుంచెతో చారలు లేని రంగు: ప్లాస్టిక్ మోడళ్లు కట్టేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హన్మకొండ, కరీంనగర్, మంచిర్యాల వైపు ప్లాస్టిక్ విమానాలు, ట్యాంకులు, రైలింజన్లు కట్టేవాళ్లలో చాలామంది రంగులు కుంచెతోనే వేస్తారు. వీడియోల్లో చూపించే పద్ధతులు ఎక్కువగా చల్లని దేశాల గదులకు సరిపోయేవి. మే నెల మధ్యాహ్నం మన దగ్గర అదే పద్ధతి పాటిస్తే రంగు కుంచె మీదే ఆరిపోతుంది. అందుకే ఈ జవాబులు మన ఎండ, మన వాన, మన నీళ్లు, మన దుకాణాల్లో దొరికే సరుకు చూసుకుని రాసినవి.

కుంచెతో వేస్తే చారలు ఎందుకు పడతాయి?

కుంచె వెంట్రుకలు తడి రంగులో సన్నని చాళ్లు తీస్తాయి, నాగలి పోయినట్టే. రంగు తడిగా ఉన్నంతసేపు ఆ చాళ్లు వాటంతట అవే పూడుకుంటాయి. పూడుకోకముందే రంగు బిగిస్తే చారలు అలాగే నిలిచిపోతాయి. రంగు పలుచన చేయడం, రిటార్డర్ (రంగు ఆరడాన్ని నెమ్మది చేసే ద్రవం) కలపడం, ఫ్యాను ఆపడం, వేసిన చోట మళ్లీ కుంచె పెట్టకపోవడం, ఇవన్నీ ఆ పూడుకునే సమయం రంగుకు దొరకడానికే. ఈ ఒక్కటి అర్థమైతే కింది జవాబుల్లో సగం మీరే ఊహించగలరు.

రెండో కారణం చిక్కదనం. 1/72 మోడల్ (అసలు దానిలో 72వ వంతు సైజు) మీద 0.1 మి.మీ. మందం రంగు వేస్తే, అసలు విమానం మీద 7 మి.మీ.కు పైగా పూత పూసిన లెక్క. రేకుల అతుకులు చూపించే ప్యానెల్ గీతలు పూడిపోతాయి, రివెట్లు కనబడవు. అంత మందం రంగు సమంగా పరుచుకోదు కూడా.

మూడో కారణం, అన్నిటికన్నా ఎక్కువ చెడగొట్టేది, సగం ఆరిన రంగును సవరించబోవడం. కాచిన పాల మీద మీగడ కట్టినట్టు రంగు మీద ముందు పలుచని తోలు కడుతుంది. అప్పుడు కుంచె తగిలితే ఆ తోలు చిరిగి ముడతలుగా పేరుకుంటుంది. తడి రంగులో చిన్న ఖాళీ కనబడినా వదిలేయండి. తర్వాతి పూత దాన్ని కప్పుతుంది.

ఎయిర్‌బ్రష్ (గాలి ఒత్తిడితో రంగు చిమ్మే పరికరం) లేకుండా నిజంగా నున్నగా వస్తుందా?

వస్తుంది. మ్యాట్ (మెరుపు లేని), సెమీ-గ్లాస్ (సగం మెరుపున్న) రంగుల్లో బాగా వేసిన కుంచె పనికీ ఎయిర్‌బ్రష్ పనికీ మూరెడు దూరం నుంచి తేడా కనిపెట్టడం కష్టం. మెరిసే కారు బాడీ, వెండి రంగు లోహం, చాలా మెత్తగా కలిసిపోయే అంచులు, ఈ మూడింట్లో ఎయిర్‌బ్రష్‌దే పైచేయి.

మొదలుపెట్టడానికి ఏమేం కావాలి?

కుంచెలు మూడు చాలు: పెద్ద భాగాలకు 6 నుంచి 10 మి.మీ. వెడల్పున్న చదునైన సింథటిక్ కుంచె, మామూలు పనికి 2వ నంబరు గుండ్రటిది, చిన్న పనికి 0 నంబరు గుండ్రటిది. కొత్తవాళ్లు సన్నని కుంచెలే కొంటారు, అక్కడే తప్పు జరుగుతుంది. రెక్క మీద 0 నంబరు కుంచె నడిపితే నూరు గీతలు, నూరు అంచులు. ఆ భాగంలో పట్టే అతి పెద్ద కుంచె వాడాలి. కొనేటప్పుడు తడిపి చూడనిస్తే తడపండి. వెంట్రుకలు ఒక్క మొనగా, చదునైనదైతే ఒక్క అంచుగా చేరాలి. విడిపోయి నిలబడే వెంట్రుక ఒక్కటున్నా ఆ కుంచె వద్దు.

వీటితో పాటు తెల్లటి పింగాణీ పళ్లెం, చుక్కలు వేసే డ్రాపర్, రెండు గిన్నెల నీళ్లు (ఒకటి కడగడానికి, ఒకటి పలుచన చేయడానికి), పోగులు ఊడని నూలు గుడ్డ, టూత్‌పిక్‌లు, 1500, 2000, 3000 నంబర్ల వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) ఉంచుకోండి. ఆ సన్న నంబర్లు మామూలు హార్డ్‌వేర్ షాపులో దొరక్కపోతే కార్లకు రంగులు అమ్మే దుకాణాల్లో అడగండి.

ఏ రకం రంగు కొనాలి?

కుంచె పనికి మొదటి ఎంపిక నీటి ఆధారిత ఆక్రిలిక్, అంటే వల్లేహో మోడల్ కలర్ లాంటిది. రంగు పొడి ఎక్కువ, పలుచన చేసినా కప్పుతుంది, వాసన తక్కువ, కుంచె నీళ్లతోనే కడగవచ్చు. లోపం ఒక్కటే: ప్రైమర్ (రంగు పట్టుకోవడానికి ముందుగా వేసే అడుగు పూత) లేని ప్లాస్టిక్‌ను గట్టిగా పట్టుకోదు, గోటితో గీకితే లేచి వస్తుంది. అదే కంపెనీ 'మోడల్ ఎయిర్' అనే రంగు ఎయిర్‌బ్రష్ కోసం ముందే పలుచన చేసినది. కుంచెతో వేస్తే ఎక్కువ పూతలు పడుతుంది. సీసా మీద పేరు చూసి కొనండి.

టమియా ఆక్రిలిక్ నీళ్లలో కలుస్తుంది కానీ అందులో ఆల్కహాల్ జాతి ద్రావకాలు ఉంటాయి. ప్లాస్టిక్‌ను బాగా పట్టుకుంటుంది, త్వరగా ఆరుతుంది. ఆ త్వరే కుంచెకు శత్రువు. దీని సంగతి కింద విడిగా ఉంది.

హంబ్రోల్ లాంటి ఎనామెల్ 14 మి.లీ. చిన్న డబ్బాల్లో వస్తుంది. కుంచెతో నున్నగా పరుచుకోవడంలో దీన్ని మించింది లేదు, ఎందుకంటే నెమ్మదిగా ఆరుతుంది. పూతకు పూతకు మధ్య 24 గంటలు ఆగాలి, వాసన భరించాలి, ఆరేదాకా దుమ్ము పడకుండా మూత వేసి ఉంచాలి. ఓపిక ఉన్నవాళ్లకు మా సలహా ఇదే.

లాకర్ రంగులు (ఘాటైన ద్రావకాలతో చేసినవి) కుంచె పనికి కొత్తవాళ్లు ముట్టుకోకపోవడం మంచిది. ఆన్‌లైన్‌లో తెప్పించుకునేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: స్ప్రే డబ్బాలు, ద్రావకాలు మండే సరుకు కాబట్టి కొరియర్ వాళ్లు విమానంలో తీసుకోరు. రోడ్డు మీద రావడానికి రోజులు పడుతుంది. ముందే ఆర్డర్ పెట్టుకోండి.

ఫెవిక్రిల్, కామ్లిన్ రంగులు వాడవచ్చా?

చేయి తిరగడానికి, సైనికుల బొమ్మలకు, మట్టి, గడ్డి, రాళ్లు చూపించే నేల పలకలకు నిక్షేపంగా వాడవచ్చు. గుడ్డకూ కాన్వాసుకూ చేసిన రంగుల్లో రంగు పొడి రేణువు కాస్త పెద్దది, జిగురు మందం. విమానం రెక్క లాంటి నున్నటి చోట ఆ రేణువు కనబడుతుంది. అయినా వాడాలంటే ప్రైమర్ తప్పనిసరి. రంగును పాత నైలాన్ మేజోడు ముక్కలో వడకట్టి, మామూలు కన్నా పలుచగా కలిపి నాలుగైదు పూతలుగా వేయండి. గుడ్డ మీద వేసే ముత్యాల మెరుపు రకాలు మాత్రం వద్దు.

రంగుల షాపులో అమ్మే థిన్నర్‌తో పలుచన చేయవచ్చా?

వద్దు. ఊరికే "థిన్నర్" అని అడిగితే ఇచ్చేది ఎక్కువగా ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్. కిట్లు చేసేది పాలిస్టైరీన్ ప్లాస్టిక్‌తో, దాన్ని ఎన్‌సీ థిన్నర్ కరిగించేస్తుంది. నెయిల్ పాలిష్ తీసే అసిటోన్, పెట్రోలు కూడా అంతే. కిరసనాయిలు కరిగించకపోయినా జిడ్డు మిగులుస్తుంది. ఎనామెల్‌కు మినరల్ టర్పెంటైన్ సరిపోతుంది, ఆక్రిలిక్‌కు ఆ కంపెనీ థిన్నర్ గానీ డిస్టిల్డ్ వాటర్ గానీ. ఏ కొత్త ద్రావకమైనా ముందు కిట్ ముక్కలు అతికి వచ్చే చట్రం, అంటే స్ప్రూ మీద ఒక చుక్క వేసి అరగంట చూడండి. మెత్తబడినా, మెరుపు తగ్గినా, జిగటగా అనిపించినా అది మోడల్ దగ్గరికి రాకూడదు.

బోరు నీళ్లు పనికొస్తాయా?

కుంచెలు కడగడానికి పనికొస్తాయి. రంగులో కలపడానికి వద్దు. బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. కెటిల్ అడుగున కట్టే తెల్లటి పొరే ముదురు రంగు మీద తెల్లని మచ్చగా తేలుతుంది. మిషన్ భగీరథ నల్లా నీళ్లు బోరు కన్నా నయం. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక లీటరు కొనుక్కుంటే నెలల తరబడి వస్తుంది, పెద్ద ఖర్చు కాదు.

కడగడం, ప్రైమర్ వేయడం తప్పనిసరా?

తప్పనిసరే. అచ్చు నుంచి ముక్క ఊడి రావడానికి ఫ్యాక్టరీలో నూనె లాంటిది వాడతారు. అది ఉన్నచోట రంగు పరుచుకోక బొట్లుబొట్లుగా ముడుచుకుంటుంది. గోరువెచ్చని నీళ్లలో రెండు మూడు చుక్కల గిన్నెలు కడిగే లిక్విడ్ వేసి, ముక్కలను చట్రం మీదే ఉంచి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, మంచి నీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి. వేడి నీళ్లు వాడితే సన్నని ముక్కలు వంగిపోతాయి. ఆ తర్వాత మోడల్‌ను శుభ్రమైన చేతులతోనే పట్టుకోండి. ఎండాకాలం వేలి చెమట మచ్చ కూడా రంగును నెట్టేస్తుంది.

అతుకులకు లప్పం పెట్టి, ఆరాక 400, 600, 1000 నంబర్ల వరుసలో తడిపి రుద్దండి. ఆ పైన ప్రైమర్. చేర్యాల నకాశీ పటాలు గీసేవాళ్లు ఖాదీ గుడ్డ మీద సుద్ద, చింతగింజల అంబలి, గంజి, జిగురు కలిపి పూసి, నేల నున్నబడ్డాకే రంగు ముడతారు. నిర్మల్ బొమ్మల పనివాళ్లు కూడా పొణికి చెక్కను తెల్లమట్టితో సమం చేశాకే రంగులకు వెళతారు. ప్లాస్టిక్ మోడల్‌కూ అదే వర్తిస్తుంది. రంగు గీతను దాచదు, ఎత్తి చూపుతుంది.

మోడళ్ల కోసమే చేసిన స్ప్రే ప్రైమర్ ఉంటే 20 నుంచి 25 సెం.మీ. దూరం నుంచి రెండు పలుచని తుంపరలు చాలు. బండ్లకు వాడే స్ప్రే డబ్బాల్లో కొన్ని ప్లాస్టిక్‌ను తింటాయి, ముందు స్ప్రూ మీద పరీక్షించాకే వాడండి. స్ప్రే దొరక్కపోతే కుంచెతో వేసే ఆక్రిలిక్ ప్రైమర్ రెండు పలుచని పూతలు వేసి 24 గంటలు కదపకండి. పైకి ఆరినట్టు కనబడినా లోపల గట్టిపడటానికి అంత సమయం పడుతుంది. తొందరపడి రుద్దితే రబ్బరు తొక్కలా ఊడి వస్తుంది. పూర్తిగా ఆరిన ప్రైమర్‌ను 2000 నంబరు వాటర్ పేపర్‌తో తేలిగ్గా తడిపి రుద్ది, ఫోన్ టార్చ్ ఏటవాలుగా పట్టి చూడండి. పక్కనుంచి పడే వెలుగులో ప్రతి గీతా నీడ వేస్తుంది. ఇక్కడ సరిచేసుకుంటే పది నిమిషాల పని, రంగు వేశాక అయితే ఒక రోజు పని.

రంగు ఎంత పలుచగా ఉండాలి?

మజ్జిగ కన్నా చిక్కగా, మీగడ కన్నా పలుచగా. చిక్కటి పాలు అనుకోండి. కొలతల్లో చెప్పాలంటే:

వల్లేహో మోడల్ కలర్: 2 చుక్కల రంగుకు 1 చుక్క థిన్నర్ లేదా డిస్టిల్డ్ వాటర్.
టమియా ఆక్రిలిక్: 3 చుక్కల రంగుకు 1 చుక్క ఎక్స్-20ఎ థిన్నర్, 10 చుక్కల మిశ్రమానికి 1 చుక్క రిటార్డర్.
ఎనామెల్: 5 పాళ్లకు 1 పాలు మినరల్ టర్పెంటైన్.

ఇవి మొదలుపెట్టే కొలతలు మాత్రమే. పాత సీసాలో రంగు చిక్కబడి ఉంటుంది. పళ్లెం అంచు మీదికి కుంచెతో రంగు లాగి చూడండి: సమంగా జారి వెనక పలుచని రంగు పొర వదిలితే సరిగ్గా ఉంది. కదలకుండా ముద్దలా నిలిస్తే చిక్కన, అద్దంలా పారదర్శకంగా జారిపోతే నీళ్లెక్కువ. నీళ్లెక్కువైన రంగు రెక్క మధ్యలో ఆగక అంచుల్లో చేరి, ఆరాక అక్కడ ముదురు గీత కడుతుంది.

కలిపే ముందు సీసా ఒక నిమిషం గట్టిగా కుదపండి. సీసాలో స్టెయిన్‌లెస్ గోలీ గానీ గాజు పూస గానీ వేసుకోవచ్చు. సైకిల్ బేరింగు గోలీ వేయకండి, నీటి రంగులో తుప్పు పట్టి రంగే మారిపోతుంది. కుదిపాక బుడగలు తగ్గడానికి రెండు నిమిషాలు ఆగండి. 1/72 యుద్ధ విమానం పైభాగానికి ఒక పూతకు 8 నుంచి 10 చుక్కల మిశ్రమం సరిపోతుంది, అంతకన్నా ఎక్కువ కలిపితే పళ్లెంలోనే ఎండుతుంది.

కుంచె ఎలా నడపాలి?

ముందు కుంచెను నీళ్లలో ముంచి గుడ్డకు అద్ది అదనపు తడి మాత్రం తీసేయండి. పొడి కుంచె మొదటి గీతలోని నీటిని తనే తాగేసి రంగును చిక్కబరుస్తుంది. రంగులో వెంట్రుకల పొడవులో సగం వరకే ముంచాలి. లోహపు పట్టీ దాకా వెళ్తే అక్కడ రంగు గడ్డకట్టి, వెంట్రుకలు విచ్చుకుని కుంచె పాడైపోతుంది. పైకి తీశాక రెండు వైపులా పళ్లెం అంచుకు తాకించి అదనపు రంగు దించేయండి.

ఉపరితలాన్ని ముక్కలుగా అనుకోండి. ప్యానెల్ గీతలే సరిహద్దులు. ఒక్కో ప్యానెల్ ఒకేసారి పూర్తిచేస్తే, రెండు పూతలు కలిసే అతుకు గీత వెంటే పడి కనబడకుండా పోతుంది. ప్యానెల్ మధ్యలో ఆగితే ఆ అంచు శాశ్వతంగా కనబడుతుంది.

కుంచెను 45 డిగ్రీల వాలులో పట్టి, బరువు వేయకుండా, ఒకే దిశలో లాగండి. తర్వాతి గీత పొడి వైపు మొదలుపెట్టి, ఇందాక వేసిన తడి అంచులోకి తీసుకొచ్చి మెల్లగా పైకి లేపండి, విమానం నేల విడిచినట్టు. మొదటి గీతను మూడో వంతు కప్పుతూ రెండోది రావాలి. వెనక్కీ ముందుకీ గోడకు సున్నం కొట్టినట్టు నడపకండి. రెండు గీతలయ్యాక ఆ చోటు వదిలేయండి, అంతే. మొదటి పూతలో కింది ప్రైమర్ మచ్చలుగా కనబడుతుంది, చూస్తే దిగులేస్తుంది. అది తప్పు కాదు, అలాగే ఉండాలి.

రెండో పూత మొదటిదానికి అడ్డంగా. మూడోది మళ్లీ నిలువుగా. చివరి పూత మాత్రం అసలు వస్తువు మీద గాలి, వాన నడిచే దిశలో వేయండి: విమానానికి ముక్కు నుంచి తోకకు, ట్యాంకు, ఇంజన్ పక్కలకు పై నుంచి కిందికి. ఒక్క చార మిగిలినా అది మరకలాగే కనబడుతుంది.

ఎన్ని పూతలు? మధ్యలో ఎంతసేపు ఆగాలి?

ముదురు ఆకుపచ్చ, బూడిద, గోధుమ రంగులకు మూడు నాలుగు. నీటి ఆక్రిలిక్‌కు పూతల మధ్య కనీసం 30 నిమిషాలు, టమియాకు 2 గంటలు, వీలైతే ఒక రాత్రి, ఎనామెల్‌కు 24 గంటలు. చేతికి అంటనంత మాత్రాన ఆరినట్టు కాదు. మోడల్‌ను పెదవి దగ్గర పెట్టి చూడండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉంది.

పసుపు, ఎరుపు, తెలుపు ఎన్ని పూతలు వేసినా కప్పడం లేదు. ఎందుకు?

వీటి పలుచని పూత కింది రంగును పూర్తిగా కప్పదు, అది తొంగి చూస్తుంది. చిక్కగా పూస్తే చారలే వస్తాయి. కింద ఏముండాలో మార్చండి. పసుపు కింద లేత గులాబీ లేదా దంతపు రంగు, ఎరుపు కింద గులాబీ లేదా ఇటుక రంగు, తెలుపు కింద లేత బూడిద. అప్పుడు పైపూతలు మూడు నాలుగింటితో అయిపోతుంది. తెలుపుకు ఐదారు అనుకోండి. అసలు తెలుపు కన్నా ఒక్క చుక్క లేత బూడిద కలిపిన తెలుపు మోడల్ మీద సహజంగా ఉంటుంది, ముందే కప్పుతుంది కూడా. ఎర్రటి రైలింజన్ల మీద మీగడ రంగు పట్టీ ఉంటే, ముందు మీగడ రంగు వేసి, టేపు అంటించి తర్వాత ఎరుపు వేయండి. తిరగేసి చేస్తే మీగడ రంగుకు పూతల మీద పూతలు వేస్తూ కూర్చోవాలి.

ఎండాకాలం రంగు కుంచె మీదే ఆరిపోతోంది. ఏం చేయాలి?

ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం దాకా వరంగల్‌లో, రామగుండంలో పగలు 40 డిగ్రీలు దాటడం మామూలే, గాలి పొడి. ఈ రెండూ కలిసి, యూరప్‌లో నిమిషం తడిగా ఉండే రంగును ఇక్కడ క్షణాల్లో బిగించేస్తాయి.

వేళ మార్చుకోండి. ఉదయం 6 నుంచి 9 లోపు, లేదా రాత్రి 9 దాటాక. కుంచె నడిపేటప్పుడు సీలింగ్ ఫ్యాను ఆపేయండి; పూతకు పది నిమిషాలే కదా, ఆ తర్వాత వేసుకోవచ్చు. నీళ్ల కూలర్ ఉన్న గదిలో గాలికి కాస్త తేమ చేరి రంగు నెమ్మదిగా ఆరుతుంది, కానీ కూలర్ గాలి సూటిగా మోడల్ మీద పడకూడదు. అది దుమ్మునూ తెస్తుంది. రంగు సీసాలు కిటికీ దగ్గర కాకుండా అల్మారాలో ఉంచండి.

రిటార్డర్ ఎండాకాలంలో విలాసం కాదు, అవసరం. మిశ్రమంలో 10 శాతం మించనివ్వకండి. మించితే రంగు రోజుల తరబడి జిగటగా ఉంటుంది. మెడికల్ షాపు గ్లిజరిన్‌ను రిటార్డర్‌గా వాడమని కొందరు చెబుతారు. గ్లిజరిన్ ఆవిరి కాదు, పూతలోనే ఉండిపోయి గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మేలో బాగానే అనిపించిన మోడల్ జులైలో వేలిముద్రలు పట్టడం మొదలుపెడుతుంది. వద్దు.

పని మధ్యలో కుంచె కడిగే అలవాటు చేసుకోండి. ప్రతి నాలుగైదు గీతలకు ఒకసారి కడిగి, గుడ్డకు అద్ది, కొత్త రంగు తీసుకుంటే ఎండిన రేణువులు మోడల్ మీదికి రావు. ఎండాకాలం గరుకుదనానికి సగం కారణం ఆ రేణువులే.

వెట్ ప్యాలెట్ (రంగు ఆరకుండా ఉంచే తడి పళ్లెం) ఇంట్లో చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, పావుగంట పని. మూత ఉన్న ప్లాస్టిక్ స్వీట్ డబ్బా తీసుకోండి. అడుగున పలుచని స్పాంజి గానీ నాలుగు మడతల టిష్యూ గానీ పరిచి డిస్టిల్డ్ వాటర్‌తో తడపండి. నీళ్లు పైకి తేలకూడదు, నొక్కితే మాత్రం రావాలి. పైన బేకింగ్ కాగితం పరిచి బుడగలు లేకుండా అదమండి. బటర్ పేపర్ పేరుతో అమ్మేవాటిలో కొన్నే పనికొస్తాయి: ఒక ముక్క తడి స్పాంజి మీద పది నిమిషాలు పెట్టండి, పైవైపు చల్లగా చెమ్మగిల్లితే మంచిది, పొడిగానే ఉంటే మైనం పూసినది, నానిపోతే మామూలు కాగితం. మూత పెడితే నీటి ఆక్రిలిక్ మర్నాటి దాకా తడిగా ఉంటుంది. టమియాకు, ఎనామెల్‌కు ఇది పనికిరాదు.

వానకాలం సంగతేమిటి?

కుంచె పనికి నిజానికి మంచి కాలం, రంగు సమం కావడానికి బోలెడు సమయం. ఆరడానికి మాత్రం రెట్టింపు ఆగండి. స్ప్రే వార్నిష్ వాన రోజు కొట్టకండి. ద్రావకం ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద చేరి తెల్లటి పొగమంచులా నిలిచిపోతుంది. అలా అయిపోతే పొడి రోజు చూసి గ్లాస్ (మెరిసే రకం) వార్నిష్ ఒక పలుచని పూత వేయండి, చాలాసార్లు తెలుపు పోతుంది.

టమియా రంగు రెండో పూత వేస్తుంటే మొదటిది లేచి వస్తోంది. ఎందుకు?

పై పూతలోని ద్రావకం కింది పూతను మళ్లీ కరిగిస్తోంది. కుంచె రెండోసారి తగిలిన చోట రెండూ కలిసి ముద్ద కడతాయి. మొదటి పూతను రాత్రంతా ఆరనివ్వండి. రెండో పూతలో కుంచె నిండుగా ఉండాలి, చేయి తేలిగ్గా ఉండాలి, ఒక్కో చోట ఒక్క గీతే. రిటార్డర్ వేయండి, ఆల్కహాల్ అదనంగా కలపకండి. ఇంత శ్రద్ధ పెట్టలేనివాళ్లు పెద్ద భాగాలకు నీటి ఆక్రిలిక్ వాడి, టమియాను చక్రాలు, తుపాకులు, కాక్‌పిట్ లోపలి చిన్న చిన్న పనులకు ఉంచుకోవడం మేలు.

మిగ్-21 యుద్ధ విమానం వెండి రంగు కుంచెతో వస్తుందా?

భారత వైమానిక దళం 2025 సెప్టెంబరులో మిగ్-21కు వీడ్కోలు పలికాక ఆ కిట్ కట్టాలనుకునేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. లోహపు రంగులో సన్నని రేకులు ఉంటాయి. కుంచె ఎటు లాగితే అవి అటే వరుస కడతాయి, వెలుగు పడగానే ప్రతి గీతా మెరిసి బయటపడుతుంది. రిటార్డర్‌తో కూడా పూర్తిగా పోదు. నున్నటి నల్ల గ్లాస్ పూత మీద వెండి స్ప్రే డబ్బా వాడి, ఎగ్జాస్ట్ దగ్గరి ముదురు ప్యానెళ్లు మాత్రం కుంచెతో వేయడం సరైన దారి. కుంచెతోనే తప్పదంటే ఒక్కో ప్యానెల్ విడిగా, ప్రతిదీ వేరే దిశలో వేయండి. అసలు విమానంలోనూ రేకులు వేర్వేరుగా మెరుస్తాయి కాబట్టి అది కంటికి నప్పుతుంది. లేదంటే బూడిద రంగు వేసిన తర్వాతి కాలపు మిగ్-21 ఎంచుకోండి.

కామోఫ్లాజ్ (శత్రువు కంట పడకుండా వేసే మచ్చల రంగు) అంచులు కుంచెతో ఎలా?

1/72లో ఇది అనుకున్నంత కష్టం కాదు. అసలు విమానం మీద రెండు రంగులు కలిసే చోట 50 మి.మీ. మెత్తటి అంచు ఉన్నా మోడల్ మీద అది 0.7 మి.మీ. మాత్రమే. కుంచెతో తీసిన స్పష్టమైన అంచే సరిపోతుంది.

మంచి అభ్యాసానికి 152 (హైదరాబాద్) స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్ యుద్ధ విమానం తీసుకోండి. నిజాం రాజ్యం పేరు మోసిన ఈ బ్రిటిష్ దళం 1940లో ఇంగ్లాండ్ మీద జరిగిన గగనయుద్ధంలో యూఎం అక్షరాలతో స్పిట్‌ఫైర్లు నడిపింది. పైన ముదురు ఆకుపచ్చ, మట్టి గోధుమ. అడుగున 'స్కై' అనే లేత ఆకుపచ్చ ఛాయ. 1/72లో రెక్క కొన నుంచి కొన దాకా సుమారు 156 మి.మీ., ఒక కూర్చోడంలో ఒక పూత అయిపోయే పరిమాణం. ముందు అడుగు రంగు, తర్వాత పైభాగం అంతటా మట్టి గోధుమ. అది పూర్తిగా ఆరాక మెత్తటి పెన్సిల్‌తో ఆకుపచ్చ హద్దులు తేలిగ్గా గీయండి. 2వ నంబరు కుంచెతో హద్దు లోపలి వైపు ఒక గీత గీసి, అది తడిగా ఉండగానే లోపలి భాగం నింపండి. అంచు ఆరనిచ్చి తర్వాత నింపితే, అంచు దగ్గర గట్టు కట్టి వేలికి తగులుతుంది.

టేపు వాడేచోట కింది రంగు కనీసం 24 గంటలు ఆరాలి. స్టేషనరీ టేపు జిగురు ఎక్కువ. అరచేతికి రెండుసార్లు అంటించి తీసి బలం తగ్గించండి. అంచు వెంట ముందుగా కింది రంగునే ఒక పలుచని పూత వేస్తే, సందుల్లోకి కారేది ఆ రంగే అవుతుంది, పై రంగు కారదు.

చారలు పడిపోయాయి. మోడల్ పారేయాలా?

అక్కర్లేదు. రంగును 24 గంటలు, ఎనామెల్ అయితే నాలుగైదు రోజులు ఆరనివ్వండి. 2000 నంబరు వాటర్ పేపర్ ముక్కను నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, ఒక చుక్క సబ్బు వేసి, చారలున్న చోట గుండ్రంగా మెత్తగా రుద్దండి. చారల ఎత్తులు పోయాయో లేదో ప్రతి పది సార్లకు తుడిచి చూడండి. అంచులు, రివెట్ల దగ్గర ప్లాస్టిక్ త్వరగా బయటపడుతుంది, అక్కడ 3000 వాడండి. కడిగి, ఆరబెట్టి, మామూలు కన్నా పలుచగా ఒకటి రెండు పూతలు వేస్తే పని అయిపోతుంది.

మరీ మందంగా ఉంటే రంగు మొత్తం తీసేయండి. నీటి ఆక్రిలిక్‌కు గోధుమ రంగు డెటాల్ యాంటీసెప్టిక్ బాగా పనిచేస్తుంది. నీళ్లు కలపకుండా పోసి రాత్రంతా నానబెట్టి, చేతులకు గ్లవ్స్ వేసుకుని, డెటాల్‌లోనే ముంచుతూ టూత్‌బ్రష్‌తో రుద్దండి. రంగు పూర్తిగా ఊడాకే సబ్బు నీళ్లతో కడగాలి. మధ్యలో నీళ్లు తగిలితే ఊడిన రంగు జిగురుముద్దలా అంటుకుంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కూడా ఆక్రిలిక్‌ను తీస్తుంది. గాజులా ఉండే కాక్‌పిట్ ముక్కలను ఈ రెండింటికీ దూరంగా ఉంచండి.

స్టిక్కర్లు, వార్నిష్ ఏ వరుసలో?

మ్యాట్ రంగు మీద నేరుగా నీటి డెకాల్ (నీళ్లలో నానబెట్టి అంటించే స్టిక్కర్) వేస్తే కింద గాలి చిక్కుకుని వెండిలా మెరుస్తుంది. గ్లాస్ వార్నిష్ రెండు పలుచని పూతలు, ఒక రోజు ఆగి డెకాల్, మరో రోజు ఆగి మ్యాట్ వార్నిష్. మ్యాట్ సీసా బాగా కుదపాలి. మెరుపు తగ్గించే పొడి అడుగున ఉండిపోతే మోడల్ మచ్చలుగా మెరుస్తుంది. చిన్న చిన్న చారలను ఈ చివరి మ్యాట్ పూత చాలావరకు దాచేస్తుంది, పెద్దవాటిని దాచదు.

కుంచెలు నెల తిరక్కుండానే పాడవుతున్నాయి. కారణం?

నీళ్ల గిన్నెలో మొన కిందికి పెట్టి వదిలేయడం. మొన ఒకసారి వంగితే తిరిగి రాదు. పని అయ్యాక ముందు నీళ్లలో (ఎనామెల్ అయితే టర్పెంటైన్‌లో), తర్వాత స్నానపు సబ్బు నురగలో అరచేతి మీద తిప్పి కడిగి, వేళ్లతో మొన తీర్చి, పడుకోబెట్టి ఆరనివ్వండి. ఆరాక నిలబెట్టవచ్చు. మొన తీర్చడానికి కుంచెను నోట్లో పెట్టుకోవద్దు, కొన్ని రంగుల్లో కాడ్మియం లాంటి లోహాలుంటాయి. ఎనామెల్ కుంచెలు, ఆక్రిలిక్ కుంచెలు వేరుగా పెట్టుకోండి. మొన వంగిన పాత కుంచె పారేయకండి, ట్యాంకుల మీద దుమ్ము, అరుగుదల చూపించే డ్రై బ్రషింగ్‌కు (దాదాపు పొడి కుంచెతో రుద్దే పనికి) అదే కావాలి.

పూత మీద దుమ్ము, వెంట్రుక పడితే?

తడిగా ఉంటే టూత్‌పిక్ మొన తడిపి ఒక్కసారి తాకించి ఎత్తండి. రాకపోతే అక్కడితో వదిలేసి, ఆరాక 3000 నంబరుతో రుద్దండి. రంగు వేసే ముందు బల్లను తడి గుడ్డతో తుడవడం, వేశాక మోడల్ మీద స్వీట్ డబ్బా బోర్లించడం, ఈ రెండూ చేస్తే ఈ ప్రశ్న అడిగే అవసరం చాలావరకు తప్పుతుంది. డబ్బా ఒక అంచును అగ్గిపుల్ల మీద ఆనించి కొద్దిగా సందు ఉంచండి, లేకపోతే లోపలి ఆవిరికి రంగు ఆరదు.